ఎడమకు తిరిగిన తీగ

నరసాపురం కాలేజీ, వృక్షశాస్త్రం లాబు,
రెండో బీరువా పక్కన
ఆయన.

రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి,
తడి కాగితం మీద అదిమి తీసిన మనిషి.
పేరున్న చోట చెదలు తిన్నాయి.
సంవత్సరంలో ఒకటీ ఏడూ మిగిలాయి,
తక్కిన రెండంకెలూ పురుగుల పొట్టలో.
పొడి అద్దిన విగ్గు. మెడ కింద కుచ్చుల అంచు.
బుగ్గ మీద పులిపిరి.
చేతిలో పుల్ల, పుల్లకు చుట్టుకున్న చిక్కుడు తీగ.

ఎక్కడి ఆచార్యుడో,
ఎవరు తెచ్చి ఈ మేకుకు తగిలించారో
స్టాకు రిజిస్టరులో లేదు.
"పటము, పాతది, ఒకటి" అని మాత్రం ఉంది
మైక్రోస్కోపులకూ మగ్గులకూ మధ్య.

ఎనభై ఆరులో గోదారి లోపలికొచ్చినప్పుడు
బీరువా అడుగున ఉన్నాడు కనక
మూడో బొత్తాం దాకా మునిగాడట.
ఆ గీత ఇంకా ఉంది, టీ రంగులో.
పైన ప్రొఫెసరు పొడిగా,
కింద మాతోపాటు తడిసినవాడు.

భూతద్దం పెట్టి చూస్తే మొహం ఉండదు,
గీతలే.
ముక్కు నీడలో గీతల మీద గీతలు,
దమ్ము చేసిన చేలో తాడు పట్టి నాటిన వరసల్లా.
కంటి మెరుపు దగ్గర మాత్రం ఉలి ఆగింది.
ఒట్టి కాగితమే చూస్తుంది మనల్ని.

చూడటం నేర్చుకోండర్రా ఆయనలాగా,
అనేవాణ్ణి పిల్లలతో. పాతికేళ్ళు అన్నాను.

ఎస్తేరమ్మ మా అటెండరు.
మధ్యాహ్నాలు కొక్కెం సూదితో లేసు అల్లుకునేది.
ఓ రోజు పటం తుడుస్తూ ఆగింది.
"ఈయన చిక్కుడు పెంచినోడు కాదండి మాస్టారూ."
ఏం?
"మా దడి మీద తీగ కుడికి ఎగబాకుద్దండి.
ఇప్పి ఎడంకి చుట్టినా
తెల్లారేసరికి మళ్ళీ కుడికే.
ఇదేమో ఎడంకి పోతంది."

లేచి వెళ్ళాను.
ఆ తీగకు ఆకులు లెక్కపెట్టినవాణ్ణి,
ఈనెలు లెక్కపెట్టినవాణ్ణి.

రేకు మీద తిన్నగా చెక్కింది
కాగితం మీద తిరగబడుతుంది.
చెక్కినవాడు అక్షరాల్ని గుర్తుగా తిప్పాడు,
తీగనూ మనిషినీ మరిచిపోయాడు.
అయితే పులిపిరి కూడా అవతలి బుగ్గది.
ఇది ఆయన అద్దంలో చూసుకున్న మొహం,
భార్యకు తెలిసిన మొహం కాదు.

అదే చెప్పాను.
ఎస్తేరమ్మ ఒళ్ళో లేసు తిరగేసింది.
"దీనికీ ఎదరా ఎనకా ఉంటాయండి, ఆయ్.
ముడులు మనేపు. దొరలకి ఎదర."

ఆ సాయంత్రం పటం దించి, అట్ట విప్పి
కాగితాన్ని వెనకవైపు నుంచి
కిటికీ వెలుగుకి పట్టుకున్నాం ఇద్దరం.
చెరో అంచూ, చిరగకుండా.
తీగ కుడికి ఎగబాకింది.
"ఇప్పుడు ఎవరోలా ఉన్నాడండి" అంది.

గోదారి గీత మాత్రం
ఎటునుంచి చూసినా
మూడో బొత్తాం దగ్గరే.