ఎర్ర చుక్క

డ్యాష్‌బోర్డుల ఒక్క నంబరు మీద
నలభై మూడు మంది రైతులు.
తప్పు ఎక్కడుందో పట్టుకుందామని
మడికొండ ఆఫీసు నుంచి ఎనుమాముల పోయిన.

మిర్చి యార్డు. మూడు తుమ్ములయ్యేదాక
నా పేరు చెప్పుడే కాలేదు.
కాంటా పక్క గదిల యాకలక్ష్మి,
కీబోర్డు మీద పాలిథిన్ కవరు,
కవరు మీద ఎర్రటి దుమ్ము.
ఎంటర్ బటన్ మీది రాత ఎప్పుడో అరిగింది.

"ఫోన్ నంబర్ కొట్టందే ముందుకు పోదు గద సార్.
వీళ్లల్ల సగం మందికి ఫోన్లు లేవు.
నాదే కొట్టిన."

ఆ గడి పక్కన ఎర్ర చుక్క పెట్టింది నేనే.
ఏసీ గదిల, రెండు నిమిషాల ముచ్చట.
ఎవ్వరూ కాదనలే.

ఆ రాత్రే చుక్క తీసేయించిన.
రిలీజ్ నోట్సుల ఒక్క వాక్యం.
టీమంతా చప్పట్ల బొమ్మలు పంపిన్రు.

వారం తిరగకముందే ఆమె ఫోను.
"మెసేజులు ఆగినయేంది సార్?
పైసలు పడ్డయని నాకొస్తుండె,
నోటుబుక్కుల రాసుకొని
పొద్దుగూకినంక చాయ్ హోటల్ కాడ
పేరు పేరున చదివేదాన్ని.
మొగిలన్న రెండ్రోజుల సంది
ఈ మెట్ల మీదనే కూసున్నడు."

కొత్త టికెట్ తెరిచిన.
మొదటి గడి: వాడేది ఎవరు?
జాబితాల గుమాస్తా ఉన్నడు, రైతున్నడు,
అడ్తిదారు ఉన్నడు.
చదివి వినిపించే మనిషి లేదు.

పక్కన ఎర్ర చుక్క.
ఖాళీగ ఇడిస్తే
ముందుకు పోదు.