ఆరో చెరువు

లోవరాజు మొదట అడిగింది నా మాటల్ని కాదు,
నా ఏరియేటర్లని.

అర్ధరాత్రి దాటాక వచ్చాడు గొల్లవిల్లి గట్టు మీదికి,
గాలి కొట్టకుండా మైకుకి వాళ్లమ్మ పాత చీరముక్క చుట్టి.
మూడో చెరువులో నాలుగు చక్రాలు.
దబ్ దబ్ దబ్
నాలుగోదానికి బేరింగు పోయింది,
ఒక్క పిసరు ఆలస్యంగా
దబ్.
ఓనరు మార్పిస్తానంటున్నాడన్నాను.
"ఈ వారం ఆగమను బాబాయ్" అని
ఆ కుంటి చప్పుడు ముందు గొంతుక్కూచున్నాడు తెల్లారేదాకా.

వాడిది డీజే బాక్సుల వ్యాపారం.
ఊరేగింపుల్లో కిటికీ అద్దాలు రాల్చినవాడు,
పక్షవాతం మనిషి మంచాన్ని అంగుళం జరిపినవాడు.
ఇప్పుడేమో
"తీసేద్దాం బాబాయ్, ఇంకా తీసేద్దాం" అంటాడు.

అమలాపురం ఎర్రవంతెన దగ్గర, జిరాక్సు షాపు వెనక గది.
గోడల నిండా రొయ్యమేత ఖాళీ సంచులు,
పట్నంలోనూ నన్నొదలని వాసన.
వీరవేణి వచ్చింది, పట్టుబడి రోజున కౌంటు చెప్పే మనిషి.
ముప్పై. ముప్పై. ముప్పైరెండు.
కిలోకెన్ని తూగాయో చెప్పడమే, ఇంకేం లేదు.
రేటు పడిన రోజు ఆ గొంతు ఒకలా
లేచిన రోజు ఇంకోలా ఉంటుందనుకున్నాను ఇన్నేళ్లూ.
చెవులకి తగిలించుకుని విన్నాను.
ఒకేలా ఉంది.
ఏ రోజు రొయ్యా తనది కాదు కదా.

నేను పదకొండు పేజీలు రాసుకెళ్లాను.
మా నాన్న స్వర్ణ ఊడ్చిన చేను,
పక్కోడి చెరువు ఊట దిగి
ఆ చేను తెల్లగా పొక్కిన ఏడాది.
చదువుతుంటే వాడు తల ఊపలేదు, కాలు ఊపాడు.
మర్నాటికి నాలుగు పేజీలు.
ఆ మర్నాటికి నాలుగు ముక్కలు.
ఆఖరికి మిగిలింది,
మంచినీళ్లు తాగుతారా అని వీరవేణి మధ్యలో అడిగితే
నేనన్న ఒక
"ఆయ్".

మాట్లాడకుండా బస్సెక్కేశాను.

పదిరోజులకి పాటలు పంపాడు ఫోనులోకి,
చెవులు పూర్తిగా కప్పేసే హెడ్‌సెట్టొకటి పంపాడు పాలబ్బాయి చేత.
కుంటి దబ్, ముప్పై, ఆయ్.
దబ్, ముప్పైరెండు, ఆయ్.
ఎన్నిసార్లు ఆయ్ అన్నానో నా బతుకులో,
ఎవరెవరికో,
ఒక్కోటీ విడిగా వినిపించింది.
కోపం ఉంది ఇంకా. కానీ నా ఎడమ మడమ
నన్నడక్కుండానే బురదని తడుతోంది.

అయిదు చెరువుల పేర్లతో అయిదు.
ఆరోదాన్లో ఏం లేదు.
ఫోను చచ్చిందనుకున్నాను.
అప్పుడు గుర్తొచ్చింది, ఆ రాత్రి వాడితో ఏదో వాగాను:
నేను చప్పుట్లో నిద్రపోతానురా,
కరెంటు పోయి చక్రాలాగితేనే మెలకువొస్తుంది నాకు.
అది దాచుకున్నాడు వెధవ.

చూసుకుంటే
జనరేటరు హ్యాండిలు మీద ఉంది నా చెయ్యి.
షెడ్డు నుంచి ఇక్కడిదాకా ఎలా పరుగెత్తానో తెలీదు,
చెప్పులు లేవు కాళ్లకి.

హెడ్‌సెట్టు మెడమీదికి లాగాను.
వెనక నీళ్లలో మూడు చక్రాలు తిరుగుతున్నాయి,
నాలుగోది కూడా,
ఒక్క పిసరు ఆలస్యంగా.