పసుపు పడవ

గురువారం సాయంత్రం ఏడింటికి
ఫారో దీవుల రేడియోలో
ఎవరిదో ఒక బాధ చదివి
ఏం చెయ్యొచ్చో చెబుతాను.
పద్దెనిమిది దీవులు. యాభై వేల పైచిలుకు జనం.
గొర్రెలు అంతకన్నా ఎక్కువ.
గొర్రెలు తప్ప అందరూ వింటారు.

ఇక్కడ రహస్యమంటే
ఇంకా అవతలి ఒడ్డు చేరని కబురు.
ఈ దీవిలో తుమ్మితే
పక్క దీవిలో చిరంజీవ అంటారు.

అందుకే నా బల్ల మీద మైకు కన్నా ముందు
కత్తెర ఉంటుంది.
ఉత్తరం రాగానే కవరు పొయ్యిలోకి.
తపాలా ముద్ర ఊరు చెబుతుంది.
కాగితం వాసన వృత్తి చెబుతుంది,
కొన్నిటికి చేపనూనె, కొన్నిటికి తడిసిన ఉన్ని.
చేతిరాతయితే పేరే చెప్పేస్తుంది,
సగం మందికి అక్షరాలు దిద్దించింది మా అమ్మే మరి.
కాబట్టి రన్‌వా
(రన్‌వా అందాం ఆమెని)
అన్నీ టైపు చేసి ఇస్తుంది.
చూపు తగ్గింది, జ్ఞాపకం ఇంకా తగ్గింది,
ఈ ఉద్యోగానికి ఇవే నా అర్హతలని నవ్వుతుంది.

తర్వాత నా వంతు.
భర్త అన్నయ్యవుతాడు.
ముగ్గురు పిల్లలు ఇద్దరవుతారు,
ఆ మూడో బిడ్డకు ప్రతిసారీ మనసులో క్షమాపణ చెప్పుకుంటాను.
చర్చి వెనక ఇల్లు వంతెన పక్కకు జరుగుతుంది.
బాధ మాత్రం వెంట్రుకంత కూడా కదలకూడదు.

ఒక నవంబరులో ఒకామె రాసింది.
తాగి వచ్చేవాడి పడవ నీలం.
రేవు దీపం కింద ఆ నీలం కనబడగానే
పిల్లలు ఎవరూ చెప్పకుండానే
కళ్లు మూసుకుని పడుకుంటారట.
నీలం కొట్టేశాను. పసుపు అని రాశాను.
పసుపు రంగు పడవ ఎవరు వేస్తారులే, అనుకున్నాను.

వేశాడు ఒకడు.
దక్షిణాన, ఆ ఎండాకాలమే, కూతురు ముచ్చటపడితే.
చుక్క ముట్టని మనిషి.
శుక్రవారం పొద్దున రొట్టెల కొట్టు వరసలో
వెనకవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారట.
గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకునే రకం కాదతను,
ఊరే వచ్చి అతని భుజాలు తడిమింది.

ఫోన్ చేశాడు. తిట్టలేదు.
"ఆమె ఎవరో చెప్పండి చాలు,
నేను కాదని నలుగురికీ తెలుస్తుంది."
అడిగింది న్యాయమే.
నాకు తెలియదన్నాను.
అబద్ధం.
ఆ నీలం పడవ రోజూ
నా వంటింటి కిటికీలోనే ఆగుతుంది.

మరుసటి గురువారం మైకులో చెప్పాను,
పోయినవారం పడవ నా కల్పన,
అసలు పడవే లేదని.
ఎంతమంది నమ్మారో.
వసంతానికి అతను తెల్లరంగు వేశాడని విన్నాను.
కూతురు ఏమందో ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి ఏదీ మార్చను. తీసేస్తాను.
ఒక మనిషి. ఒక ఇల్లు. ఒక రాత్రి.
ఈమధ్య ఉత్తరాలు చప్పగా ఉంటున్నాయని
జనం గొణుగుతారు.
ఉప్పంతా నా దగ్గరే ఉంచుకున్నాను.

కొట్లో ఎదురైతే
ఆమే నేనూ గాలి గురించి మాట్లాడుకుంటాం,
పడమటి గాలి, రేపటి వాన.
నాకు తెలుసని ఆమెకు తెలుసో లేదో
ఇప్పటికీ తెలియదు.
సలహా అయితే రేడియోలో చెప్పాను,
వాడు వేటకు వెళ్లిన రోజు చూసుకో,
అక్క ఇంటికి వెళ్లు,
బట్టలు సర్దుతూ ఆగిపోకు.

ఈ జనవరిలో ఒక తెల్లవారుజామున
కుక్కను బయటికి వదులుదామని తలుపు తీశాను.
రేవులో నీలం లేదు, వేటకు పోయింది.
ఎదురింట్లో దీపం లేదు.
రాత్రి కురిసిన కొత్త మంచు మీద
గడప నుంచి ఓడరేవు దారి పట్టి
అడుగులు.
ఒక జత పెద్దవి.
మూడు జతలు చిన్నవి.
అవును, మూడు.

ఊరు లేవడానికి ఇంకా గంట ఉంది.
లోపలికెళ్లి
చీపురు తెచ్చుకున్నాను.