ఆరో మైలు రేవు

సముద్రం ఇక్కడికి ఒక రాత్రి బస్సు దూరం.
అయినా కర్నూలు దాటినాక, కేసీ కాలవ ఆరో మైల్లో
నీళ్లలోకి దిగే నల్లరాతి మెట్లున్నాయి, పదకొండు.
పైన మనిషెత్తు రాతికూసం,
దాని మెడకు నా మణికట్టంత లావు ఇనుప కడియం.

పడవలు కట్టేసేదానికంట.
వాన మొకం వాచిన ఈ సీమలో
పత్తిబేళ్లు నీళ్లమీద తేలిపోతాయని
విక్టోరియా రాణి కాలంలో ఏదో కంపెనీ లెక్క గట్టింది.
లెక్క సరిగ్గానే వచ్చింది, కాయితం మీద.

మొదటి పడవను ఆరుమంది
గట్టున నడుస్తా తాళ్లతో లాగినారు.
నీళ్లు చాలక అది నడిమధ్యలో కూలబడితే
మడకలిప్పి ఎద్దుల్ని తోలుకొచ్చినారు.
మా దూదేకుల పెద్దోళ్లు బేళ్లు మోసి మోసి
భుజాలు తడుముకుంటా ఉండగానే
ఆ కొసన రైలు కూసింది.

తర్వాత రేవులో బర్రెలు దిగినాయి.
మొహర్రం పదోనాడు పీర్లు ఈడికే జలధికొస్తాయి.
జలధి అంటే సముద్రమని
నాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది.
పగిలిన పడవ చెక్కే మా వంటింటి తలుపు.
వానొస్తే ఉబ్బి, మూసుకోదు.

జేజినాయన పక్కీరయ్య కాలవ లస్కరు.
లస్కరంటే ఓడమీద పనోడని
ఏ ఓవర్సీరో చెప్పినాడంట.
ఆ పొద్దు నుంచి రుమాలు కొంచెం పక్కకు కట్టేవాడు.
ఈత రాదు.

వరదొచ్చిన ఏడు తుంగభద్ర ఊళ్లోకే వచ్చింది.
కూసం మెడ దాకా నీళ్లు.
మిలిటరీ వాళ్లు రబ్బరు పడవను ఆ కడియానికే కట్టినారు,
రెండు రాత్రులు.
కోడిని చంకన పెట్టుకుని ఎక్కుతా జేజి మస్తానమ్మ
కొంగుముడి విప్పి
"టికెట్టెంత నాయనా?" అనింది.

ఇప్పుడు సిమెంటు లైనింగు.
కొలతలు రాసే వర్క్ ఇన్‌స్పెక్టరును నేనే.
రాతిమెట్లు తొమ్మిది, తొలగించవలెను.
అడుగున ఇంకా రెండున్నాయి,
నా కాళ్లకు తెలుసు, ఎంబుక్కుకు తెలీదు.
కంట్రాక్టరు టేపు చుట్టుకుంటా
"ఈ కూసం సంగతేంది మేడం?" అన్నాడు.

హద్దురాయి, అని రాసినా.
హద్దురాళ్లు పీకగూడదని రూలుంది.
ఎవరి హద్దని ఆయన అడగలేదు.
కడియాన్ని మాత్రం ఒకసారి చేత్తో ఆడించి
అది చేసిన చప్పుడుకు
కాలవ దిక్కు తిరిగి చూసినాడు.