విడమరచి

రాణీగంజ్ గల్లీలో
కాలిపోయిన మోటారు పట్టుకుని నిలబడ్డాను.
"బేరింగు పోయిందా, కాయిల్ పోయిందా,
కాస్త విడమరచి చెప్పు ఇలియాస్ భాయ్."

ఆయన నోరు విప్పలేదు.
పాత పేపరు పరిచాడు.
నాలుగు బోల్టులు, మూత, ఫ్యాను,
కమురు వాసనేసే రాగి చుట్ట
ఊడిన వరుసలోనే పెట్టుకుంటూ పోయాడు
కుడి నుంచి ఎడమకి, ఉర్దూ రాసినట్టు.

పదిహేడేళ్లుగా బళ్లో తెలుగు చెబుతున్నాను.
విడమరచు అంటే వివరించు అని
ఎన్ని నోటుబుక్కుల్లో టిక్కు పెట్టానో!
ఆ మాటనే ఎప్పుడూ విప్పి చూడలేదు.
విడ, అమరచు.
నిఘంటువు ఒప్పుకుంటుందో లేదో గానీ
ఈ జిడ్డు చేతులు ఒప్పుకున్నాయి.

విప్పడం నాకూ వచ్చు.
ప్రతిపదార్థం, సమాసం, సంధి
బోర్డు నిండా పరిచి
గంట కొట్టగానే చాక్‌పీసు దులుపుకుని వెళ్లిపోయేవాణ్ణి.
తొమ్మిదో తరగతి జుబేదా ఒకసారి
వరండాలో వెంటపడి మరీ అడిగింది:
"అర్థాలన్నీ రాసుకున్నా సార్,
పద్యం యాడికి పోయింది?"
నవ్వేసి, స్టాఫ్ రూములో టీ తాగాను.

"ఇగో, ఈడ కాలింది. సమజైందా సార్?"
నల్లబడ్డ తీగ మీద
స్క్రూడ్రైవరు మొన.
సమజైంది.
జేబులో చెయ్యి పెట్టాను.

"ఇప్పుడొద్దు," అన్నాడు.
"విప్పినందుకు పైసలేంది?
రేపు రాండ్రి, బిగించినంక ఇద్దురు."