ముప్పై ఎమ్మెల్

ఎనుమాముల మార్కెట్ల
పత్తి బేళ్ల గుట్ట ఒరిగిన నాడు
ఓదెలు తొడల మీద రెండు బేళ్లు
గంటన్నర కూసున్నయట.
పత్తి మెత్తగుంటదని ఎవరన్నరో.

మొదటి రోజు సంచిలకు దిగింది
చాయ్ డికాషన్ రంగు.
రెండో రోజు అది గూడ లేదు.
"నలిగిన కండ నెత్తుట్ల కలిసిందమ్మా
కిడ్నీలు మూసుకపోయినయి"
అన్నడు చిన్న డాక్టరు, తన చెప్పుల దిక్కు చూసుకుంట.

ఆయెనుక ఊపిరి మిషిన్ చేతికి పోయింది.
కండ్లు పచ్చవడ్డయి.
మనిషి లోపల ఇన్ని అర్రలున్నయని
పెండ్లయిన పదకొండేండ్లకు తెలిసె నాకు,
ఒక్కో అర్రల బుగ్గ ఆరిపోతుంటె.

బయట వరండ గూడ ఒక ఊరే.
ములుగు కాడి సమ్మక్క, నేను
ఒకటే బకెట్, ఒకటే చార్జర్.
ఆమె కొడుకుది ఏడో నంబర్ మంచం.
పద్నాలుగో నాడు పొద్దుగాల లేచి చూస్తె
ఆమె చాప లేదు.
బకెట్ కడిగి బోర్లేసి ఉన్నది.
నేనెవర్ని అడగలె.

వారానికి మూడుసార్లు
ఆయన నెత్తురు బయటికొచ్చి
ఉతుక్కోని మల్ల లోపలికి పోయేది.
సేటు ఫోన్ ఎత్తుడు బందు జేసిండు.

ఇరవై ఆరో నాడు
సిస్టర్ జెసింత తలుపు సందుల నిలవడి
"ఓదెలు భార్య ఎవరు?" అని కేకేసె.
నేను ఉరికిన, గుండె చాప మీదనే ఉండిపోయె.
సంచి వెలుగుకు పట్టి
గీత మీద వేలు వెట్టి చూపించె:
ముప్పై ఎమ్మెల్.
శెనగపప్పు నానిన నీళ్ల రంగు.

నా బిడ్డ మొదటిసారి ఒళ్లె తడిపినప్పుడు గూడ
నేనట్ల నవ్వలె.
"పోసిండు! పోసిండు!" అని ఫోన్ల మొత్తుకుంటె
"ఎవరికి, వదినా, పైసలా?" అన్నడు మరిది.

గొంతుల పైపు తీసినంక
మొదటి మాట నా పేరు కాదు.
"బేళ్ల లెక్క సరిపోయిందా?"

ఇప్పుడు హసన్‌పర్తిల, ఇంట్ల.
అర్ధరాత్రి గోడ పట్టుకోని లేస్తడు,
కర్ర ఇస్తె ఇసిరిగొడ్తడు.
చీకట్ల నేను చెవి వెట్టి వింట, ఆ చప్పుడైతదా అని.
"పండుకోరాదె, సిగ్గు లేదా నీకు"
అంటడు లోపలికెల్లి.

లేదు.
ఆ వరండల మరిచిపోయొచ్చిన.