వెనక్కి వచ్చిన ఉత్తరాలు

దోన్యా ఎడూవిహెస్ మీటరు
అరచెయ్యంత నల్ల డబ్బా.
పుయెర్తో మోంత్ సంతలో
రెండు బుట్టల ఆల్చిప్పల ధరకు కొన్నది.
అద్దం మీద ఓ మూల బీట,
బీట మీద గోళ్ళరంగు.

యాంటెన్నాకి పంపింది ఎంత,
వద్దని అది తిప్పికొట్టింది ఎంత,
అంతవరకే దాని చదువు.
చిలోయె దీవి తపాలా గదిలో
ముప్పై ఒక్క ఏళ్ళు ముద్రలు గుద్దిన మనిషి,
ముల్లు లేచినప్పుడల్లా విసుక్కునేది:
"ఇదిగో, వెనక్కి వచ్చిన ఉత్తరాలు!"

ఆ ఏడు మాత్రం
ఏప్రిల్లో రెండు చూపించిన ముల్లు
జూన్‌కి ఒకటిన్నరకు దిగింది.
ఆగస్టులో, పెంకులు నానిపోయే వానల్లో,
ఒకటికి ఒకటి.
కుక్కిన పేనులా కూర్చుంది.
ఆమె మురిసిపోయి
గోడ మీద పెన్సిలుతో తేదీ వేసుకుంది.
నాకు రెండు మిల్కావో రొట్టెలు ఎక్కువ పెట్టింది.

ఎవరూ పలకలేదు.
పుంతా అరేనాస్‌లో గొర్రెలు కాసే లౌతారో
రోజూ ఏడింటికి వచ్చేవాడే.
గరగరల అడుగున అతని గొంతు వినిపించేది,
ఆమెనే పిలుస్తూ,
ఆమె చెప్పేది చెవిన పడక
మళ్ళీ పిలుస్తూ.

మూడు వారాలు.
ఒక రాత్రి ఆమెకి బౌదీలియో గుర్తొచ్చాడు.
అతను సంచి మోసిన చలికాలమంతా
వెనక్కి వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదు.
పైవాళ్ళు మెచ్చుకుంటూ కాగితం కూడా పంపారు.
వసంతంలో రేవు చెక్కలు మార్చేటప్పుడు
కింద దొరికాయి అన్నీ,
సిరా కడుక్కుపోయి, అంటుకుపోయి.

పొద్దున్నే పాత టేప్ రికార్డరు విప్పాం.
దాని చిన్న ముల్లు, ఒక జెర్మేనియం డయోడు,
విరిగిన గొడుగు ఊచ,
ఇవన్నీ సార్డీన్ల డబ్బాలో.
ఖర్చు అంటారా? గొడుగు పోయింది.

బంగాళదుంప చేలో నలభై అడుగుల దూరాన గూటం పాతి
నన్ను దాని పక్కన నిలబెట్టింది.
లోపల కూర్చుని మైకులోకి ఈల వేసింది,
కుక్కని పిలిచినట్టు, పొడుగ్గా.
"ఎంత?" కిటికీలోంచి అరుపు.
"వెంట్రుకవాసి!"
"సరిగ్గా చూడు!"
చూశాను. డబ్బాలో వాన పడుతోంది.
వెంట్రుకవాసే.

కేబుల్ని పైన ముడి దగ్గర కోస్తే
నీళ్ళు కారాయి,
చేప కడిగిన నీళ్ళలాంటివి.
లోపలి రాగి అల్లిక నల్లబడి పిండిలా రాలింది.
పోయేటప్పుడు సగానికి పైగా తాగి,
తిరిగొచ్చేదాంట్లో మిగతాది తాగి,
మూతి తుడుచుకుని
ఒకటికి ఒకటి అని చెప్పింది ఇన్నాళ్ళూ.
నల్ల డబ్బా పాపం
తన గుమ్మం దాకా వచ్చిందే లెక్క పెట్టింది.

అన్కూద్ నుంచి కొత్త కేబుల్ వచ్చింది,
ఒకటిన్నర బస్తా దుంపలకి.
బిగించగానే కొన్న మీటరు ముల్లు
రెండు మీదికి ఎక్కి కూర్చుంది.
సార్డీన్ల డబ్బాలో ముల్లు
చివరి అంచుకి కొట్టుకుని టిక్కుమంది.
ఆ చప్పుడు నేనొక్కడినే విన్నాను.

తీగ జానెడు కత్తిరిస్తే దిగుతుందేమో అన్నాను.
"ఉండనీ," అంది, గోడ మీద తేదీని
తడిబట్టతో తుడుస్తూ.
"కాస్త వెనక్కి రానీ."

ఏడింటికి లౌతారో దొరికాడు.
మూడు వారాల కబుర్లు ఒక్కసారే:
కుక్క ఈనిందట, ఐదు పిల్లలట,
పెద్దదానికి ఆమె పేరే పెట్టాడట.
నేను మళ్ళీ చేలోకి వెళ్ళాను, ఊరికే,
డబ్బా చూద్దామని.

కిటికీ మూసి ఉంది. వాన హోరు.
ఒక్క మాటా వినపడలేదు.
ముల్లు మాత్రం ఆమె మాటలకి
తడబడుతూ లేచి పడుతోంది.
ఉన్నట్టుండి ఆగకుండా
నాలుగైదు సార్లు ఎగిరి అంచుకి కొట్టుకుంది.
నవ్వుతోంది అనుకున్నాను.